లెక్చరర్ ఉద్యోగం వదిలేద్దామనుకుంటున్నారా?

ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్లను "మీ ఉద్యోగంలో మీకు నచ్చనిదేంటి?" అని అడిగి చూడండి. పాఠం చెప్పడం అనేవాళ్లు తక్కువ. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి హాస్టల్లో డౌట్స్ డ్యూటీ, వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గితే సోమవారం మీటింగులో చీవాట్లు, ఫీజు బాకీ ఉన్న తల్లిదండ్రులకు ఫోన్లు. అన్నిటికీ మించి అడ్మిషన్లు. పరీక్షలు ముగియకముందే పదో తరగతి పిల్లల పేర్లు, నంబర్లు ఉన్న కాగితం చేతిలో పెట్టి, ఇన్ని సీట్లు తేవాలని టార్గెట్ వేస్తారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన మనిషి మండుటెండలో ఇల్లిల్లూ తిరిగి, "సార్ లేరమ్మా, సాయంత్రం రండి" అనిపించుకుని, బ్రోచర్ గేటుకు తగిలించి వస్తాడు. కొన్నిచోట్ల సీట్లు తేకపోతే వేసవి జీతం కూడా చేతికి రాదు.

అందుకే రాజీనామా రాసేముందు మీ టైమ్ టేబుల్ తీసుకుని కూర్చోండి. ఒక నెలపాటు ఏ గంట గడవడం కష్టమైందో ఆ గడిలో ఎర్ర సిరాతో టిక్కు పెట్టండి. టిక్కులు క్లాసు గంటల్లోనే పడుతుంటే వృత్తి మార్చాల్సిందే. స్టడీ అవర్, డ్యూటీ, మీటింగుల గడుల్లో పడుతుంటే మారాల్సింది కాలేజీ. ఈ తేడా తేలకుండా అమీర్‌పేట వెళ్లి కోర్సుకు డబ్బు కట్టడం, తలనొప్పికి పన్ను పీకించుకోవడం లాంటిదే.

బోధన మీద ఇష్టం ఉన్నవాళ్లకు ముందు గుర్తొచ్చేది డీఎస్సీ. బీఈడీ, టెట్ ఉంటే తప్పకుండా రాయండి. టెట్ అర్హతకు 2021 నుంచి జీవితకాలం చెల్లుబాటు ఉంది కాబట్టి అది వృథా పోదు. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఉద్యోగం మానేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత నియామకాల దాకా వచ్చింది 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీయే. తెలంగాణలో 2017 తర్వాత మళ్లీ 2024లో 11,062 పోస్టులకు పరీక్ష జరిగింది. అంత ఎడం కోచింగ్ హాస్టల్లో గడిపే స్థోమత ఎంతమందికి ఉంటుంది? బీఈడీ ఇంకా చేయకపోతే దానికో రెండేళ్లు అదనం. ఈలోగా సీబీఎస్ఈ స్కూళ్లు, సొంత ట్యూషన్ చూసుకోవచ్చు. మానేశాక ఈ ఊళ్లో ఎక్కడా పాఠం చెప్పకూడదని కాలేజీ రాయించుకున్నా భయపడక్కర్లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం అలాంటి షరతు చెల్లదు. ఉద్యోగంలో ఉండగా బయట ట్యూషన్ చెప్పకూడదనే షరతు సంగతి వేరు, దాన్ని పాటించాలి.

బోధనే వద్దనుకునేవాళ్లలో బోటనీ, జువాలజీ వాళ్లకు హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ అందుబాటులో ఉన్న దారి. శరీర నిర్మాణం, వ్యాధుల పేర్లు కొత్తవి కావు కాబట్టి సగం బరువు ముందే దిగినట్టు. మ్యాథ్స్ వాళ్లు సాఫ్ట్‌వేర్ వైపు చూస్తారు. చూడండి, తప్పులేదు. కానీ మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేమే ఇప్పిస్తాం అనేవాళ్ల గుమ్మం తొక్కకండి. మీ పీఎఫ్ ఖాతాలో ఏ నెల ఏ యాజమాన్యం డబ్బు కట్టిందో ఉంటుంది. కొత్త కంపెనీ ఆ సర్వీస్ హిస్టరీ అడిగితే దొంగ లెటర్ బండారం బయటపడుతుంది. ఏ దారైనా సరే, ఆ పనిలో ఇప్పటికే ఉన్న ఒకరి పక్కన ఒక ఆదివారమంతా కూర్చుని చూసి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.

ఇక ఎప్పుడు మానేయాలి? సర్వీసు నాలుగేళ్లు దాటినవాళ్లు కోపంలో రాజీనామా ఇస్తే నష్టం నేరుగా జేబుకే. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. టీచర్లకు ఇది వర్తించదని కొన్ని యాజమాన్యాలు ఇప్పటికీ బుకాయిస్తుంటాయి. 2009 సవరణ టీచర్లను చట్టంలోకి తెచ్చింది, సుప్రీంకోర్టు 2022లో దాన్ని సమర్థించింది. లెక్క సులువే: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగించి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. 24,000 జీతం మీద అయిదేళ్లకు దాదాపు 69,000. ఏప్రిల్‌లో రిలీవ్ చేసినట్టు రాసి జూన్‌లో మళ్లీ చేర్చుకునే చోట్ల ఉంటే అపాయింట్‌మెంట్ లెటర్లు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ దాచుకోండి. సర్వీసు తెగలేదని చూపించడానికి అవే ఆధారం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్లలో, గడువు రాసుకున్న కాంట్రాక్టు ఉద్యోగులకు ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీకి వీలుంది. మీ ఆర్డర్‌లో ఏం రాసి ఉందో ఒకసారి చదవండి.

విద్యా సంవత్సరం మధ్యలో వెళ్తానంటే గొడవ ఖాయం, అందులో యాజమాన్యాన్ని పూర్తిగా తప్పుపట్టలేం కూడా. సిలబస్ సగంలో ఉన్న పిల్లలున్నారు. సిలబస్ ముగిశాక, అడ్మిషన్ల కాగితం చేతికి రాకముందు నోటీసు ఇవ్వడం మంచిది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే ముందు అవి వెనక్కి తెచ్చుకోండి. బ్యాంకు లోనుకో, వెరిఫికేషన్‌కో కావాలని చెప్పి అడిగేవాళ్లే ఎక్కువ. రాజీనామా చేత్తో ఇచ్చినా ఈమెయిల్ కూడా పెట్టండి, తేదీకి సాక్ష్యం ఉంటుంది.

పీఎఫ్‌ను మాత్రం మానేసిన వెంటనే తీసేయాలని చూడకండి. మొత్తం సర్వీసు అయిదేళ్లు నిండకుండా తీస్తే ఆదాయపు పన్ను పడుతుంది. కొత్త ఉద్యోగంలో అదే యూఏఎన్ ఇచ్చి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కలుస్తుంది. పదేళ్లు నిండితే పింఛనుకూ అర్హత వస్తుంది. పాత కాలేజీ మీరు మానేసిన తేదీని పోర్టల్‌లో ఎక్కించకుండా నాన్చుతుంటే వాళ్ల ఆఫీసు చుట్టూ తిరగకండి. చివరిసారి పీఎఫ్ జమైన నెల తర్వాత రెండు నెలలు ఆగి, ఆధార్ ఓటీపీతో ఆ తేదీని మీరే నమోదు చేసుకోవచ్చు.