107 గెలుపుల జట్టును ఎంతవరకు నమ్మాలి?

మార్చి వచ్చిందంటే అమెరికా పత్రికల క్రీడా పేజీలన్నీ ఒకే పని మీద ఉంటాయి. బేస్‌బాల్ సీజన్‌లో ఒక్క ఆట కూడా మొదలవ్వకముందే, ఏ డివిజన్‌లో ఎవరు పైన ఉంటారు, ఎవరు అడుగున ఉంటారు అని రాసేస్తాయి. దీన్నే ప్రివ్యూ అంటారు. చూడ్డానికి జాతకం చెప్పినట్టే ఉంటుంది గానీ, పద్ధతిగా చేస్తే ఇది మన ప్రాబబిలిటీ క్లాసుకి దగ్గర చుట్టం. అదెలా చేయాలో ఒక నిజమైన ఉదాహరణతో చూద్దాం.

నేను ఎంచుకున్నది 2022 సీజన్‌కి ముందు నేషనల్ లీగ్ వెస్ట్ డివిజన్. ఫలితం ఇప్పటికే తెలుసు కాబట్టి లెక్క అయ్యాక జవాబు సరిచూసుకోవచ్చు. పైగా ఆ ఏడాది ప్రివ్యూ రాసేవాళ్ల ముందు పెద్ద చిక్కే ఉంది. అంతకుముందు ఏడాది శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 162 ఆటల్లో 107 గెలిచింది. ఆ అంకెను నమ్మాలా, వద్దా?

ముందు ఆట చట్రం

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లు. రెండు లీగులు, ఒక్కో లీగులో మూడు డివిజన్లు, ఒక్కో డివిజన్‌లో ఐదు జట్లు. ఒక్కో జట్టు సీజన్‌కి 162 ఆటలు ఆడుతుంది. 2022లో ప్రతి జట్టూ తన డివిజన్‌లోని మిగతా నాలుగు జట్లతో 19 ఆటల చొప్పున, అంటే 76 ఆటలు ఆడేది. 2023 నుంచి వాటిని 13కి తగ్గించారు. దాదాపు సగం సీజన్ ఇరుగుపొరుగుతోనే కాబట్టి, పక్కవాడి బలం తెలియకుండా మన జట్టు గురించి చెప్పలేం. ప్రివ్యూని జట్టు జట్టుకీ విడిగా కాకుండా డివిజన్ మొత్తానికి రాసేది అందుకే.

డివిజన్‌లో మొదటి స్థానానికి ఎంత విలువ ఉందో 2021 చెబుతుంది. జెయింట్స్‌కి 107 గెలుపులు, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి 106. ఆ ఒక్క గెలుపు తేడాతో డాడ్జర్స్ రెండో స్థానంలో ఆగిపోయి, 90 గెలుపుల సెయింట్ లూయీ కార్డినల్స్‌తో ఒకే ఒక్క ఆట ఆడాల్సి వచ్చింది. ఓడితే ఇంటికే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో క్రిస్ టేలర్ కొట్టిన హోమ్ రన్‌తో గట్టెక్కారు.

మొదటి మెట్టు: గెలుపులు కాదు, పరుగులు

ఐపీఎల్ పాయింట్ల పట్టికలో ఒక్క పరుగుతో గెలిచినా వంద పరుగులతో గెలిచినా రెండు పాయింట్లే. అసలు బలం చూడాలంటే మనం నెట్ రన్ రేట్ వైపు చూస్తాం. బేస్‌బాల్‌లోనూ అంతే. బిల్ జేమ్స్ అనే ఆయన దీనికో సూత్రం ఇచ్చాడు. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం రెండింటి మొత్తంతో భాగించాలి. వచ్చేది ఆ జట్టు గెలవాల్సిన నిష్పత్తి. వర్గాలు కలుపుతున్నాం కాబట్టి దీనికి పైథాగరస్ పేరు తగిలించారు.

జెయింట్స్ 2021లో 804 పరుగులు చేసి 594 ఇచ్చింది. సూత్రంలో వేస్తే 0.647. దాన్ని 162తో గుణిస్తే 105. మిగతా నాలుగు జట్లకి కూడా చేసి చూశాను:

జెయింట్స్: గెలిచినవి 107, సూత్రం ప్రకారం 105
డాడ్జర్స్: 830 చేసి 561 ఇచ్చారు. గెలిచినవి 106, సూత్రం 111
శాన్ డియేగో పాడ్రేస్: 729 చేసి 708 ఇచ్చారు. గెలిచినవి 79, సూత్రం 83
కొలరాడో రాకీస్: 739 చేసి 796 ఇచ్చారు. గెలిచినవి 74, సూత్రం 75
అరిజోనా డైమండ్‌బ్యాక్స్: 679 చేసి 893 ఇచ్చారు. గెలిచినవి 52, సూత్రం 59

చూశారుగా, పట్టికలో రెండోదైన డాడ్జర్స్ పరుగుల్లో మొదటిది. ఆ ఏడాది సొంత ఊరు దాటి వరసగా 24 ఆటలు ఓడిన అరిజోనా కూడా 52 చెప్పినంత అధ్వాన్నం కాదు. కానీ జెయింట్స్ విషయంలో సూత్రం పెద్దగా ఏమీ పట్టుకోలేదు. 107కి 105, దాదాపు సరిపోయింది. అంటే వాళ్లు దగ్గరి ఆటల్లో అదృష్టం కొద్దీ గెలిచారన్న మాట చెల్లదు. పరుగులు నిజంగానే చేశారు. మరి ఆ పరుగులే మళ్లీ వస్తాయా? అది వేరే ప్రశ్న. దానికి ఈ సూత్రం దగ్గర జవాబు లేదు.

ఒక జాగ్రత్త: రాకీస్ పరుగుల్ని అలాగే తీసుకోకూడదు. వాళ్ల మైదానం ఉన్న డెన్వర్ సముద్రమట్టానికి దాదాపు మైలు ఎత్తున ఉంటుంది. గాలి పలచన, కొట్టిన బంతి దూరం పోతుంది. 2021లో ఇంట్లో 48 గెలిచి, బయట 26 మాత్రమే గెలిచారు.

రెండో మెట్టు: ఒక్క ఏడాది కాదు, ఐదేళ్లు

ఇక్కడ వెనక్కి తిరిగి చూడాలి. 2017 నుంచి జెయింట్స్ గెలుపులు: 64, 73, 77. 2020లో కోవిడ్ వల్ల 60 ఆటలే జరిగాయి, అందులో 29 గెలిచారు. 162కి లెక్కేస్తే 78. ఆ తర్వాత ఒక్కసారిగా 107. అదే డాడ్జర్స్ అయితే 104, 92, 106, తర్వాత 60లో 43 (162కి 116), ఆపైన 106.

రెండు జట్లకీ 2021 అంకె దాదాపు ఒకటే. కానీ ఒకరికది అలవాటు, ఇంకొకరికి ఆశ్చర్యం. ఐదేళ్ల సగటు తీస్తే డాడ్జర్స్‌కి 105, జెయింట్స్‌కి 80. ఇదే పద్ధతిలో రాకీస్‌కి 79, పాడ్రేస్‌కి 77, అరిజోనాకి 76 వస్తాయి.

స్టాటిస్టిక్స్‌లో దీన్ని సగటు వైపు తిరోగమనం అంటాం. చాలామంది అందర్నీ 81 వైపు, అంటే సగం గెలుపుల వైపు లాగేస్తారు. అలా చేస్తే డాడ్జర్స్‌కి అన్యాయం. ఎవర్ని లాగినా వాళ్ల సొంత చరిత్ర వైపు లాగాలి.

ఇప్పుడు రెండు మెట్లనీ కలుపుదాం. సూత్రం అంకె ఒకటి, ఐదేళ్ల సగటు ఒకటి, రెండింటికీ మధ్యలో ఆగుదాం. డాడ్జర్స్ 108, జెయింట్స్ 92, పాడ్రేస్ 80, రాకీస్ 77, అరిజోనా 68. ఇది సిద్ధాంతం కాదు, క్యాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా చేయగల మోటు లెక్క.

మూడో మెట్టు: వచ్చినవాళ్లు, పోయినవాళ్లు

యజమానులకీ ఆటగాళ్ల సంఘానికీ ఒప్పందం కుదరక 2021 డిసెంబర్ 2 నుంచి 2022 మార్చి 10 దాకా లీగుకి తాళం పడింది. తాళం తీశాక మిగిలిన ఆటగాళ్ల బేరాలు కొన్ని వారాల్లో హడావుడిగా జరిగాయి. ఏప్రిల్ 7న సీజన్ మొదలు.

జెయింట్స్: .304 సగటుతో 18 హోమ్ రన్లు కొట్టిన క్యాచర్ బస్టర్ పోసీ రిటైరయ్యాడు. పిచ్చర్ కెవిన్ గాస్‌మన్ టొరాంటోకి వెళ్లిపోయాడు. మంచి పిచ్చర్ కార్లోస్ రొడోన్ వచ్చాడు. 34 ఏళ్ల వయసులో 24 హోమ్ రన్లు కొట్టిన బ్రాండన్ క్రాఫర్డ్ మళ్లీ అంత ఆడతాడని అనుకోవడం కష్టం. బాణం గుర్తు కిందికే.

డాడ్జర్స్: కోరీ సీగర్, మ్యాక్స్ షెర్జర్ వెళ్లారు. ఫ్రెడ్డీ ఫ్రీమన్ వచ్చాడు. దాదాపు సమానం.

పాడ్రేస్: 2021లో 42 హోమ్ రన్లతో లీగ్‌లో మొదట నిలిచిన ఫెర్నాండో టాటిస్ జూనియర్ మణికట్టు విరిగిందని మార్చిలో బయటపడింది. అనుభవం ఉన్న బాబ్ మెల్విన్ కొత్త మేనేజర్‌గా వచ్చాడు. ఎటు వెళ్తారో చెప్పడం కష్టం.

రాకీస్: ట్రెవర్ స్టోరీ వెళ్లాడు. క్రిస్ బ్రయంట్‌కి ఏడేళ్లకి 18.2 కోట్ల డాలర్లు రాసిచ్చారు.

అరిజోనా: చెప్పుకోదగ్గ పెద్ద పేరేదీ రాలేదు. కానీ 52 గెలుపుల తర్వాత కూడా మేనేజర్ టోరీ లొవుల్లోని తీసేయలేదు. సీజన్ మొదలయ్యే ముందే కెటెల్ మార్టేకి ఐదేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. దీన్ని గుర్తుపెట్టుకోండి.

జవాబు పత్రం

2022లో నిజంగా వచ్చిన గెలుపులు: డాడ్జర్స్ 111, పాడ్రేస్ 89, జెయింట్స్ 81, అరిజోనా 74, రాకీస్ 68.

2021 పట్టికనే యథాతథంగా దించి ఇదే ప్రివ్యూ అని ఉంటే, జట్టుకి సగటున 14 గెలుపుల తేడా వచ్చేది. మన మోటు లెక్కతో 8. జెయింట్స్ 26 గెలుపులు కిందికి జారింది, అరిజోనా 22 పైకి లేచింది. ఎవరు ఎటు వెళ్తారో ఈ రెండు చోట్లా మన లెక్క ముందే చెప్పింది, ఎంత వెళ్తారో మాత్రం తక్కువ చెప్పింది. ఐదు జట్లతో ఏ పద్ధతీ రుజువైపోదు. వేరే డివిజన్ తీసుకుంటే ఇంత బాగా కుదరకపోవచ్చు కూడా.

ఆ 8ని సున్నా చేయొచ్చా? చేయలేం. ప్రతి ఆటా నాణెం ఎగరేసినట్టే అనుకోండి. 162 ఆటలకి స్టాండర్డ్ డీవియేషన్, 162ని 4తో భాగించి వర్గమూలం తీస్తే, దాదాపు 6.4 గెలుపులు. అంటే జట్టు అసలు బలం దేవుడొచ్చి మన చెవిలో చెప్పినా, సగటున 5 గెలుపుల తేడా రానే వస్తుంది. అందుకే "జెయింట్స్ 92 గెలుస్తుంది" అని రాసే ప్రివ్యూ కన్నా, "కిందికి వస్తుంది, ఎంతన్నది చెప్పలేం" అని రాసే ప్రివ్యూ నిజాయితీ గలది.

ఇంకొన్ని సంగతులు ఏ లెక్కకీ అందవు. బ్రయంట్ గాయాలతో 42 ఆటలే ఆడాడు. టాటిస్ మణికట్టు మానే లోపే నిషేధిత పదార్థం కేసులో 80 ఆటల సస్పెన్షన్ పడి, ఆ ఏడాది ఒక్క ఆటా ఆడలేదు. అయినా పాడ్రేస్ 89 గెలిచింది. అక్టోబర్‌లో, తనకన్నా 22 గెలుపులు ఎక్కువున్న డాడ్జర్స్‌ని ఐదు ఆటల సిరీస్‌లో నాలుగు ఆటలకే ఇంటికి పంపింది.

ఇంతకీ ఇదంతా ఎందుకు?

ప్రివ్యూ తప్పితే పత్రికకి పోయేదేమీ లేదు. జట్టు నడిపేవాళ్లకి మాత్రం ఇదే జీవన్మరణ సమస్య. 52ని పూర్తిగా నమ్మితే మేనేజర్‌ని తీసేస్తారు, ఆటగాళ్లని అమ్మేస్తారు, అన్నీ మొదటినుంచి మొదలుపెడతారు. అరిజోనా అలా చేయలేదు. రెండేళ్లు తిరక్కుండా, 2023లో, అదే లొవుల్లో కింద 84 గెలుపులతో వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. అక్కడికి చేర్చిన నేషనల్ లీగ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడు మార్టే.

ఒక్క సెమిస్టర్ మార్కులు చూసి మనిషిని అంచనా వేసేవాళ్లు మన చుట్టూ కూడా ఉన్నారు కాబట్టి ఈ పాఠం బేస్‌బాల్ తెలియనివాళ్లకీ పనికొస్తుందని నా నమ్మకం.

అభ్యాసం: వచ్చే సీజన్ ముందు మీకు నచ్చిన డివిజన్ ఒకటి తీసుకోండి. ఐదు జట్ల పరుగులు, ఐదేళ్ల గెలుపులు రాసుకుని పై లెక్క చేయండి. ప్రతి అంకె పక్కనా ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా రాయండి. కాగితం మీద తేదీ వేసి మీ స్నేహితుడి చేతికివ్వండి. అక్టోబర్‌లో అడిగి తీసుకుని సరిచూసుకోండి.