తాతయ్య మందుల డబ్బా

మీ తాతయ్యనో, నాయనమ్మనో అడిగి వారి మందుల డబ్బా ఒకసారి చూడండి. రక్తపోటుకు ఒక బిళ్ళ, చక్కెర వ్యాధికి రెండు, మోకాళ్ళ నొప్పికి ఒకటి, నిద్రకు మరొకటి! విడివిడిగా ఏ మందుకు ఆ మందు మంచిదే కావచ్చు. మరి అన్నీ ఒకే కడుపులోకి వెళితే?

ఒక చిన్న లెక్క వేద్దాం. రెండు మందులుంటే ఏర్పడే జత ఒక్కటే. అయిదు మందులుంటే 10 జతలు, ఎనిమిది ఉంటే 28 జతలు. అన్ని జతలూ హాని చేయవు. కాని కొన్ని చేస్తాయి. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌కు ఆస్పిరిన్ తోడైతే రక్తస్రావ ప్రమాదం పెరుగుతుంది. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్ళలు కొన్ని రక్తపోటు మందుల ప్రభావాన్ని తగ్గిస్తాయి.

ఈ ప్రమాదం ముసలివారికే ఎందుకు ఎక్కువ? మందులను శరీరం నుండి తొలగించేవి ముఖ్యంగా కాలేయం, మూత్రపిండాలు. వయసు పైబడినకొద్దీ వీటి పని మందగిస్తుంది. ఒంట్లో నీరు తగ్గి, కొవ్వు పాలు పెరుగుతుంది. నిద్రమత్తు కలిగించే డయజెపామ్ కొవ్వులో కరుగుతుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి 20 ఏళ్ళ యువకునిలో సుమారు 20 గంటలు పడితే, 80 ఏళ్ళ వృద్ధునిలో సుమారు 80 గంటలు పడుతుంది. రాత్రి వేసుకున్న బిళ్ళ మత్తు తెల్లవారినా వదలదు. కాలు తడబడి పడితే తుంటి ఎముక విరగవచ్చు.

ఒక్కోసారి మందే మందును తెచ్చిపెడుతుంది. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయి. అది కొత్త జబ్బనుకొని, నీరు తీయడానికి మరో బిళ్ళ ఇస్తారు. దానితో మాటిమాటికీ మూత్రానికి లేవాలి. చీకట్లో మళ్ళీ పడే భయం!

1991లో మార్క్ బీర్స్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు వృద్ధులకు సాధారణంగా తగని మందుల జాబితా ఒకటి ప్రకటించారు. డయజెపామ్ అందులో ఉంది. కొత్త విషయాలు తెలిసినకొద్దీ ఆ జాబితాను సవరిస్తూ వస్తున్నారు.

మీరూ ఒక జాబితా రాయండి. మందు పేరు, ఎంత మోతాదు, ఎప్పుడు, ఎందుకు అని నాలుగు గళ్ళు గీయండి. కంపెనీ పెట్టిన పేరుతోపాటు, అసలు మందు పేరు కూడా రాయండి. ఒకే మందు రెండు పేర్లతో కనబడవచ్చు! దుకాణంలో అడిగి కొన్న బిళ్ళలను, నాటు మందులను వదలవద్దు.

అయితే మీ అంతట మీరు ఏ మందునూ మాన్పించకండి. కొన్నింటిని హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు. ఆ జాబితాను డాక్టరుగారికి చూపించి, “ఇవన్నీ ఇంకా అవసరమేనా అండీ?” అని అడగండి.