ముందు వదులు తీద్దాం, ఎత్తు సంగతి తర్వాత

బోరబండ, సైట్-2
ఆదివారం రాత్రి

అల్లుడూ,

ఊళ్లో కోతల పని చూసుకుని గురువారానికల్లా రా. షూటింగు సామాను మోసే నీ బండి నా షెడ్డులోనే భద్రంగా ఉంది.

వెళ్తూ వెళ్తూ తాళంతో పాటు ఒక చీటీ ఇచ్చావు. బండిని రెండంగుళాలు లేపాలి, పెద్ద టైర్లు వెయ్యాలి, స్టీరింగ్ ఊగకుండా పట్టే డ్యాంపర్ బిగించాలి అని. ఆ మూడింటిలో ఒక్కటీ చెయ్యలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, వచ్చాక మళ్లీ అదే పాట పాడతావు. కాగితం మీద ఉంటే రెండోసారి చదువుతావని ఇది రాసి, రేపు బస్సెక్కుతున్న మన పక్కింటి అబ్బాయి చేతికిస్తున్నాను.

శుక్రవారం పొద్దున్నే ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలిపాను. కుడి చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపితే టక్కుమంది. ఆ టక్కు చక్రం బేరింగుదా, చక్రాన్ని మలుపు తిరగనిచ్చే కింగ్ పిన్‌దా అన్నది తేల్చాలి కదా. షాపు కుర్రాణ్ణి క్యాబిన్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కి పట్టమన్నాను. బ్రేకు పడితే చక్రమూ స్టబ్ యాక్సిలూ ఒక ముద్దయిపోతాయి. వదులు బేరింగులో ఉంటే టక్కు ఆగిపోవాలి. ఆగలేదు. అంటే కింగ్ పిన్ బుష్‌లు పోయాయి. ఎడమ చక్రాన్ని పక్కలకి పట్టుకుని ఊపితే ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్ చివరి కీలు, అంటే టై రాడ్ ఎండ్, కదిలింది. దాని రబ్బరు టోపీ చిరిగి ఎన్నాళ్లయిందో గానీ, లోపల వేలు పెడితే గ్రీజుకి బదులు ఎర్రమట్టి ముద్ద వచ్చింది. మారేడుమిల్లి షెడ్యూలులో నువ్వు మోసుకొచ్చిన మట్టే అనుకుంటాను.

అంతటితో అయిపోలేదు. కమాను కట్టల దగ్గర గడ్డపార పెట్టి ఎత్తితే, కమాను చివరని చాసిస్‌కి కలిపే షాకిల్ బుష్ దగ్గర యాక్సిల్ పక్కకి జరుగుతోంది. యు-బోల్టు నట్లు రెండు స్పానరుకి సులువుగా తిరిగాయి. చివరికి బండి దించి, స్టీరింగ్ చక్రం అంచున సుద్దముక్కతో గీత గీసి చూస్తే, ముందు చక్రాలు కదలకుండానే స్టీరింగ్ నాలుగు వేళ్ల వెడల్పు తిరుగుతోంది.

ఇన్ని వదులున్న బండిని లేపి, దానికి పెద్ద టైర్లు వేస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

నీకు గుర్తుండే ఉంటుంది. 2020 అక్టోబరులో మన సైట్-3 వైపు భూమిలోంచి శబ్దాలొస్తే జనం ఇళ్లొదిలి వీధుల్లోకి వచ్చేశారు. ఆ వీధిలో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఎన్‌జీఆర్‌ఐ భూకంప శాస్త్రవేత్తలు వచ్చి పరికరాలు పెట్టి విన్నారు. బండి విషయంలోనూ నేను నిన్ను అడిగేది అదే. శబ్దం వచ్చిన వెంటనే సామాను కొనకు. ఆ శబ్దం ఎక్కడిదో ముందు విను.

నువ్వు ఫోన్లో చూపించిన అమెరికా బళ్ల సంగతికి వస్తాను. ఆ ఫోర్డ్ సూపర్ డ్యూటీ, రామ్ 2500 బళ్లలో ఫోర్‌వీల్ డ్రైవ్ వాటికి ముందు మన బండిలాగే ఒకే దూలంలాంటి యాక్సిల్ ఉంటుంది. కానీ ఆ యాక్సిల్ మీద స్ప్రింగులు కాయిళ్లు. కాయిల్ బరువు మోస్తుందే తప్ప యాక్సిల్‌ను పట్టుకుని ఉంచలేదు. అందుకని ముందుకీ వెనక్కీ జరగకుండా చేతులు, పక్కకి జరగకుండా అడ్డంగా ఒక కడ్డీ పెడతారు. అక్కడివాళ్లు బండి లేపినప్పుడు ఆ కడ్డీలు, ఆ చేతులు కూడా మార్చుకుంటారు. మన బండిలో ఆ పనులన్నీ కమాను పట్టీలే చేస్తాయి. బరువు మోసేవీ అవే, యాక్సిల్‌ను దాని చోట నిలబెట్టేవీ అవే. కాబట్టి మన బండికి ఒక షాకిల్ బుష్ అరిగిందంటే అది కుదుపుతో పోయే సంగతి కాదు, స్టీరింగే పోయినట్టు. ఆ దేశపు కిట్లు తెచ్చి ఈ బండికి తగిలించాలని చూడకు.

లేపడం వల్ల వచ్చే చిక్కు ఇంకోటుంది. సైకిలు తొక్కేటప్పుడు హ్యాండిల్ వదిలినా తిన్నగా పోతుంది కదా. ముందు ఫోర్కు వాలి ఉంటుంది, చక్రం నేలను తాకే చోటు ఆ వాలు గీతకి కాస్త వెనక పడుతుంది. అందుకే చక్రం తనంతట తానే దారిలోకి వస్తుంది. మన బండికి ఆ వాలు కింగ్ పిన్‌లో ఉంటుంది, దాన్ని క్యాస్టర్ అంటాం. పొడవు షాకిల్ వేసి ఒక చివర లేపితే పట్టీతో పాటు యాక్సిల్ తిరిగి ఆ వాలు మారుతుంది. వాలు తగ్గిందా, మలుపు తిప్పాక స్టీరింగ్ వెనక్కి రాదు, తిన్నని రోడ్డులో అటూ ఇటూ వెతుక్కుంటుంది, దానికి కీళ్ల వదులు తోడైతే ఒక గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ ఊగడం మొదలుపెట్టొచ్చు. పైగా స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే డ్రాగ్ లింకు కోణం పెరుగుతుంది. అప్పుడు చక్రం గుంటలో దిగి లేచిన ప్రతిసారీ నువ్వు తిప్పకుండానే స్టీరింగ్ లాగుతుంది. పెద్ద టైర్లు దాని మీద ఇంకో బరువు. బేరింగులకీ, కింగ్ పిన్లకీ, బ్రేకులకీ పని పెరుగుతుంది. టైరు వ్యాసం నూటికి అయిదు పెరిగితే మీటరు 60 చూపించేటప్పుడు బండి 63లో పోతూ ఉంటుంది.

ఇక డ్యాంపర్. దీని గురించి నీకు చెప్పని సంగతొకటి ఉంది, ఇప్పుడు చెబుతాను. బెజవాడ ఆటోనగర్లో పని నేర్చుకుని ఈ బోరబండకొచ్చిన కొత్తల్లో ఒక సినిమా యూనిట్ వాళ్ల లైట్ బండి నా దగ్గరికొచ్చింది. 50 దాటితే స్టీరింగ్ ఊగుతోందన్నారు. తెల్లారి కాల్‌షీటు, బండి రాత్రికే కావాలన్నారు. కింగ్ పిన్లు విప్పితే రెండు రోజులు పడుతుంది. నేను డ్యాంపర్ ఒకటి బిగించి పంపేశాను. ఊగడం ఆగిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ నా పనితనానికి పొంగిపోయాను. రెండు నెలల తర్వాత చేవెళ్ల దారిలో ఆ బండి డ్రాగ్ లింకు బాల్ ఊడి, పొలంలోకి దిగిపోయింది. వెనక కూర్చున్న లైట్‌మ్యాన్‌కి చెయ్యి విరిగింది. ఆసుపత్రిలో అతను నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ మోయలేని బరువు. ఊగడమంటే బండి మనకి చెబుతున్న మాట. నేను దాని నోరు మూయించాను, అరుగుదల మాత్రం లోపల అలాగే సాగింది. బండి ముందు భాగమంతా గట్టిగా ఉన్నాక, రాళ్ల దారుల కోసం డ్యాంపర్ కావాలంటే నేనే బిగిస్తాను. వదులు కప్పడానికి మాత్రం నా చేత్తో ఇంక బిగించను.

ఆ రోజుల్లోనే ఇంకో తప్పు చూశాను. వంగిన టై రాడ్డుకి గ్యాసు మంట పెట్టి సాపు చేసి మళ్లీ వేసేవాళ్లు. స్టీరింగ్ సామానుకి మంట గానీ వెల్డింగు గానీ తగలకూడదు. ఉక్కుకి కంపెనీ ఇచ్చిన గట్టిదనం ఆ మంటతో పోతుంది. చూడ్డానికి నేరుగానే ఉంటుంది, ఘాట్ మలుపులో తెలుస్తుంది. అలాంటిది ఎవరైనా నీకు సగం ధరకి చేసిపెడతామంటే బండి వెనక్కి తిప్పుకుని వచ్చెయ్.

నువ్వు చెప్పిన ఇంకో ఫిర్యాదు: లోడున్నప్పుడు స్టీరింగ్ తేలిపోతోంది అని. దానికి బండి తప్పు సగమే. నువ్వు ఊరెళ్లకముందు ఒకరోజు ఫిల్మ్‌నగర్లో నీ బండి ఎదురైతే చూశాను. ట్రాలీ పట్టాలు తోక దాటి పొడుచుకొచ్చి ఉన్నాయి, స్టాండ్లన్నీ డోరు దగ్గరే కుక్కారు. వెనక చక్రాలు దాటి పడిన బరువు ముందు యాక్సిల్‌ను పైకి లేపుతుంది. ముందు చక్రాలకి నేల పట్టు తగ్గాక స్టీరింగ్ తేలక ఏం చేస్తుంది? బరువైన పెట్టెలు క్యాబిన్ గోడకి ఆనించి పెట్టమని లైట్‌మెన్లకి చెప్పు. వాళ్లు దించుకోవడం సులువని వెనక పెడతారు, బతిమాలైనా ముందు పెట్టించు. దీనికి పైసా ఖర్చు లేదు.

చట్టం సంగతి కూడా విను. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది స్టీరింగు గురించే. స్టీరింగ్ చక్రం వద్ద వదులు 30 డిగ్రీలు దాటకూడదు, బాల్ జాయింట్లకి రబ్బరు టోపీలుండాలి, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాక్ చేసి ఉండాలి అంటుంది. నలభై సెంటీమీటర్ల స్టీరింగ్ చక్రానికి 30 డిగ్రీలంటే అంచున దాదాపు పది సెంటీమీటర్లు. చట్టం ఒప్పినా అంత వదులున్న బండిని నేను షెడ్డు దాటనివ్వను. నీ బండి ఆ 30 డిగ్రీల హద్దు ఇంకా దాటలేదు గానీ టోపీ చిరిగిన చోట మాత్రం ఇప్పటికే తప్పింది. ఇక కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగిన రోజున బీమావాళ్లు మొదట చూసేది ఇలాంటి మార్పులనే.

నేను చెయ్యాలనుకున్నది ఇదీ. రెండు వైపులా కింగ్ పిన్ సెట్లు కొత్తవి. బుష్‌లు నొక్కాక రీమర్ పట్టాలి, పిన్ను చేత్తో తోస్తే దిగాలి, ఊగకూడదు. ఈ పని గంటల్లో అయ్యేది కాదు, తొందరపెట్టకు. టై రాడ్ ఎండ్లు జతగా మార్చాలి, ఒకటి కొత్తది, ఒకటి పాతది పెట్టను. కమాను కట్టల బుష్‌లు, షాకిల్ పిన్నులు, యు-బోల్టులు కొత్తవి. ఒకసారి లాగి విప్పిన యు-బోల్టు మళ్లీ వాడను. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక తీసుకొస్తే మళ్లీ బిగిస్తాను, ఆ రోజు మర్చిపోకు. పట్టీలు కుంగాయి కాబట్టి కంపెనీ కొలత కట్ట వేద్దాం. నీకు కావాల్సిన ఎత్తులో సగం అక్కడే వస్తుంది, ఎందుకంటే పోయిన ఎత్తే అది. షాకప్‌లు మంచివి వేయించు, డబ్బు పెట్టదలిస్తే అక్కడ పెట్టు. చివరన అలైన్‌మెంటు. స్టీరింగ్ బాక్సు స్క్రూ మాత్రం ఎవర్నీ ముట్టనివ్వకు. వదులు తగ్గించడానికి అది బిగించేస్తారు, బాక్సు లోపల పట్టేస్తుంది.

గ్రీజు పెట్టేటప్పుడు ముందు చక్రాలు గాల్లో ఉంచాలి. బరువు మీద ఉన్న కింగ్ పిన్‌కి గ్రీజు ఒక పక్కకే వెళ్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని బుష్‌లు పాడయ్యాయో నా చేతులకి తెలుసు.

మన తాతలు తోలిన ఎడ్లబండికి స్టీరింగ్ లేదు, ఎద్దులే దారి తిప్పేవి. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ కోణంలో మళ్లాలన్న కిటుకుకి 1818లో ఇంగ్లండులో ఆకర్‌మన్ పేరుతో పేటెంటు వచ్చింది, అదీ గుర్రబ్బండ్ల కోసం. ఇన్నేళ్లుగా ఆ కిటుకుని మోస్తున్నవి రెండు కింగ్ పిన్లు, రెండు టై రాడ్ ఎండ్లు, ఈ నాలుగు కీళ్లే.

టైర్ల షాపులో అడ్వాన్సు ఇచ్చానన్నావు, ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేసి వెనక్కి అడుగు. కింగ్ పిన్ సెట్లు రాణిగంజ్ నుంచి తెప్పించి పెట్టాను, వాటి డబ్బు నీ దగ్గర ఉన్నప్పుడే ఇవ్వు. గురువారం పొద్దున్నే బుష్‌లకి రీమర్ పడతాను. ఆ వేళకి నువ్వు నా పక్కన ఉండాలి, మురికైనా పర్వాలేని బట్టలు వేసుకురా.

మీ మావయ్య