కల, కదలిక: రెమ్ నిద్ర ప్రవర్తనా రుగ్మత

పోటీ పరీక్షల ప్రత్యేకం – జనరల్ సైన్స్

స్పష్టమైన కలలు ఎక్కువగా రెమ్ నిద్రలోనే వస్తాయి. ఈ దశలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ దీన్ని వెల్లడించారు.

శరీరం ఎందుకు కదలదు?
మెదడు కాండంలోని పాన్స్ నుంచి మొదలయ్యే సంకేతాలు వెన్నుపాములోని చాలక నాడీకణాలను అణచివేస్తాయి. కంటి కండరాలు, ఉదరవితానం పనిచేస్తూనే ఉంటాయి. కాళ్లూ చేతులూ మాత్రం సడలిపోతాయి. అందుకే కలలో పరుగెత్తినా మంచం మీదే ఉంటాం. ఈ కట్టడి తప్పితే మనిషి నిద్రలోనే అరుస్తాడు, తన్నుతాడు, పక్కనున్నవారిని కొడతాడు. 1986లో అమెరికాలోని మిన్నెసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ బృందం దీన్ని ప్రత్యేక రుగ్మతగా వర్ణించింది.

తేడాలు
- రెమ్ ప్రవర్తనా రుగ్మత: రాత్రి రెండో సగంలో, 50 ఏళ్లు దాటినవారిలో ఎక్కువ. లేపితే కల గుర్తుంటుంది.
- నిద్రలో నడక: గాఢమైన నాన్-రెమ్ నిద్రలో, రాత్రి తొలి భాగంలో వస్తుంది. పిల్లల్లో ఎక్కువ. సాధారణంగా ఏదీ గుర్తుండదు.
- నిద్ర పక్షవాతం: మెలకువ వచ్చినా కండరాల సడలింపు కాసేపు కొనసాగుతుంది.

రెమ్ ప్రవర్తనా రుగ్మత: ముఖ్యాంశాలు
- నిర్ధారణ పరీక్ష: పాలీసోమ్నోగ్రఫీ.
- వాడే మందులు: మెలటోనిన్, క్లోనజెపామ్.
- పార్కిన్సన్స్, లూయీ బాడీ డిమెన్షియాలకు ఇది ఏళ్ల ముందే కనిపించే హెచ్చరిక కావచ్చు. ఇంట్లో పెద్దవారు నిద్రలో తరచూ చేతులు విసురుతుంటే పీడకలేనని వదిలేయకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి.

మాదిరి ప్రశ్న
రెమ్ నిద్రలో కండరాల సడలింపుకు కీలకమైన మెదడు భాగం?
1) సెరిబెల్లం 2) పాన్స్ 3) హిప్పోక్యాంపస్ 4) థాలమస్
జవాబు: 2