ఖడ్గకోశాలంకారమున లాక్షాశబ్ద విచారము

ఉపక్రమము

సంస్కృతమున 'కోశ' శబ్దమునకు మొగ్గ, ధనాగారము, కత్తియొర అను అర్థములు కలవు. లోపలి సారమును కాపాడుట ఈ మూటికిని సమానధర్మము. హైదరాబాదున మూసీతీరమందలి సాలార్‌జంగ్ మ్యూజియములో (1951) దక్కను ఖడ్గములతోపాటు జపాను ఖడ్గములును గలవు. జపాను ఒరపై నిగనిగలాడు పూతను తెనుగున 'లక్కపూత' యనుట యుక్తమా యనునది ప్రకృతవిచారము.

పూర్వపక్షము

ఆంగ్లమందలి 'లాకర్' అను పదము వ్యుత్పత్తిచే మన 'లాక్షా' శబ్దమే. అది ప్రాకృతమున 'లక్ఖా', తెనుగున 'లక్క' యయ్యెను. పారసీకమున 'లాక్', అరబ్బీలో 'లక్క్' అయి, పోర్చుగీసువారి 'లాక్రె' ద్వారమున ఐరోపా చేరెను. కావున జపాను పూతను లక్క యనుట పుట్టినింటి పదమును పుట్టినింటికి తెచ్చుటయే యని తోచును.

సిద్ధాంతము

పదము ఒక్కటియైనను పదార్థములు రెండు. మోదుగ, రేగు, రావి మున్నగు చెట్లకొమ్మలపై ఒక సూక్ష్మకీటము స్రవించునది లక్క. 'క్రిమిజా', 'కీటజా' అను పర్యాయములు దాని పుట్టుకను, 'ద్రుమామయ' అనునది చెట్టునకు గలుగు పీడను చెప్పుచున్నవి. సెగకు కరగుట, చల్లారిన గట్టిపడుట, మరల సెగ తగిలిన మరల మెత్తబడుట దీని స్వభావము. మద్యసారమునను ఇది కరగును. మహాభారతమున జతుగృహమును దహనార్థమే కట్టించిరనుట ప్రసిద్ధము.

జపానువారి 'ఉరుషి' యిట్టిది కాదు. అది ఒక చెట్టు బెరడునకు గాట్లుపెట్టి తీసిన పాలు. అందలి ఎంజైము గాలిలోని ప్రాణవాయువును గ్రహించి పూతను గట్టిపరచును. ఈ క్రియను 1883లో యోషిదా యను జపాను శాస్త్రజ్ఞుడు వివరించెను. పూసిన వస్తువును ఎండబెట్టరు. తేమగల పెట్టెలో నుంతురు. తేమలో ఆరుట దీని విశేషము. గట్టిపడిన పిమ్మట సెగకు కరగదు, మద్యసారమునకు లొంగదు. పచ్చిపాలు తగిలిన ఒడలు పొక్కును. మన భల్లాతకము, అనగా చాకలివారు బట్టలకు గుర్తువేయు నల్లజీడి, ఈ చెట్టు కుటుంబములోనిదే. కావున ఉరుషికి మనదేశమున చుట్టము వెదకినచో అది నల్లజీడియే గాని లక్క గాదు.

అలంకారభేదము

పదార్థభేదముచే పనితనము వేరగుచున్నది. జపానులో 'హోనోకి' యను తేలికకొయ్యతో ఒర చేసి, పలుమారులు పూతపూసి, ప్రతిపూతను ఆరనిచ్చి నునుపుచేయుదురు. తడిపూతపై బంగారుపొడి చల్లుట 'మకిఎ', ముత్యపుచిప్ప తునుకలు పొదుగుట 'రాదెన్'. టేకిచేప గరుకుచర్మముపై పూతనింపి, సమముగా అరగదీయుట మరియొక రీతి.

మనదేశపు ఒరలు సాధారణముగా కొయ్యపై మఖమలో తోలో కప్పినవి. మూతికిని కొనకును లోహపు తొడుగులుండును. లోహముపై రెండు పనులు గలవు. గాడిత్రవ్వి బంగారు లేక వెండితీగెను లోనికి కొట్టుట 'తహ్‌నిషాన్'. పైభాగమును అడ్డదిడ్డముగా గీరి తీగెను పైన అతుకుట 'కోఫ్త్‌గరీ'. మొదటిది పొదుగు, రెండవది తాపడము. ఈ రెంటిని ఒకే పేర వ్రాయరాదు. తుత్తునాగము ప్రధానమైన లోహమిశ్రముపై వెండి నిలుపు బిదరీపని పొదుగునకు మేలైన నిదర్శనము.

మరి లక్క యెచ్చట? తల్వారుపిడిలో! లక్కతో గూడిన బంకను కరగించి పిడిలో పోసి కత్తితోకను బిగింతురు. జపానువాడు వెదురుచీలతో బిగించును. అనగా జపాను ఖడ్గమున ఉరుషి ఒరపై వెలుపల కన్పట్టును. మన ఖడ్గమున లక్క పిడిలో దాగియుండును. లాడ్‌బజారు గాజులలో మెత్తబడిన లక్కలో రాళ్లు అదుముటయు, ఏటికొప్పాకలో తిరుగుచున్న అంకుడుకొయ్యకు లక్కకణికను ఒత్తగా రాపిడివేడిచే రంగు పట్టుటయు ఈ ద్రవీభవనధర్మము వలననే.

ఉపసంహారము

ఇది పేరుల పట్టింపు మాత్రము గాదు. 'లక్క' యని చీటీపై వ్రాసిన, మరమ్మతు చేయువాడు సెగతో సరిచేయ బూనును, వస్తువు చెడును. కావున కీటజమును మాత్రమే లక్క, జతువు అనవలెను. జపాను పూతను 'ఉరుషి' యని యథాతథముగ గాని, 'వృక్షనిర్యాసలేపము' అని గాని వ్యవహరింపవలెను. పదములు దేశములు దాటి అర్థము మార్చుకొనుట లోకసహజము. ఏ పదార్థమునకు ఏ పదమో నిర్ణయించుట పండితధర్మము.