గర్భమునకు ముందే పోషణ

ప్రశ్న: నా భర్త సింగరేణి గనిలో షిఫ్టులలో పనిచేయుదురు. ఆయన వచ్చువరకు నేను భుజింపక టీతో గడపుదును. సంతానము కోరుచున్నాము, ఏ జాగ్రత్తలు వలయును?
— ఒక సోదరి, గోదావరిఖని

జవాబు: అమ్మా! శిశువు మెదడునకు, వెన్నుపామునకు మూలమైన నాడీనాళము గర్భము నిలిచిన 28 దినములలోనే, అనగా పెక్కుమంది తల్లులు తాము గర్భవతులమని గ్రహించుటకు పూర్వమే, మూసికొనును గనుక, వైద్యుల సలహాతో గర్భమునకు ఒక నెల ముందునుండియే నిత్యము 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును సేవింపవలయును. షిఫ్టు ఏదైనను మీ భోజనవేళ తప్పరాదు. జొన్నరొట్టె, పప్పు, తోటకూర, గుడ్డు, నిమ్మరసము రక్తవృద్ధికి తోడ్పడును. భోజనముతో టీ త్రాగిన ఇనుము చక్కగా ఒంటబట్టదు. గర్భము నిలిచిన పిమ్మట అంగన్‌వాడీలో పేరు నమోదు చేసికొనుడు. నాల్గవ మాసమునుండి ఐరన్ మాత్రలు 180 దినములు మానవలదు. మీ భర్తకు పొగాకు అలవాటున్నచో, దానిని విడిచిన, అదియే బిడ్డకు ప్రథమ కానుక.