బొటనవేలు బొమ్మ పంపినా మాట ఇచ్చినట్టే

అరకు దగ్గర మూడు గదుల హోమ్‌స్టే నడిపే ఒకాయన మొన్న డిసెంబరులో నా ఆఫీసుకొచ్చి, తన ఫోన్ తెరిచి నా చేతికిచ్చారు. హైదరాబాద్ నుంచి వచ్చే అతిథి వాట్సాప్‌లో అడిగిన మాట అందులో ఉంది: "మాతో మా కుక్క కూడా వస్తుందండీ, ఫర్వాలేదా?" దాని కింద ఈయన జవాబుగా పంపింది పైకెత్తిన బొటనవేలు బొమ్మ ఒక్కటే. రెండు రాత్రుల డబ్బు అప్పటికే ముట్టింది. తీరా రాత్రి తొమ్మిదింటికి గేటు ముందు కారు ఆగి, దూడంత లాబ్రడార్ కిందికి దిగేసరికి ఈయనకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "చిన్న బొచ్చుకుక్క అనుకున్నానండీ. పక్క గదిలో పసిపిల్లలున్నారు, మా అమ్మకేమో కుక్కంటే హడలు" అన్నారు. వచ్చినవాళ్లను లోపలికి రానివ్వలేదు. ఆ చలిలో వాళ్లు ఇంకో గది వెతుక్కుని వెళ్లిపోయారు. కొద్ది రోజులకే లాయర్ నోటీసు దిగింది.

"నా ఇల్లు, నా ఇష్టం కాదాండీ?" అని ఆయన ప్రశ్న.

ఇష్టం ఆయనదే, సందేహం లేదు. పెంపుడు జంతువులను తప్పకుండా రానివ్వాలని హోమ్‌స్టే యజమానిని బలవంతపెట్టే చట్టం మన దేశంలో లేదు. రెండు రోజులకు గది తీసుకున్న మనిషి సాధారణంగా కిరాయిదారు కిందికి రాడు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ చెప్పే లైసెన్సీ, అంటే యజమాని అనుమతించిన మేరకు ఉండే వ్యక్తి. షరతులు పెట్టే హక్కు యజమానికుంది. కాకపోతే ఆ షరతు డబ్బు తీసుకోకముందే చెప్పాలి. గేటు దగ్గర చెప్తే చెల్లదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఒప్పుకోలు మాటల్లోనే ఉండాలని లేదు, చేతల్లో కనిపించినా చాలు. అడిగినదానికి బొటనవేలు ఎత్తాక, "నేను చూశానన్నట్టు పెట్టానంతే" అంటే నెగ్గడం కష్టం. కెనడాలోని సస్కాచెవాన్ కోర్టు 2023లో ఒక రైతు కేసులో ఇదే బొమ్మను ఒప్పందానికి అంగీకారంగా లెక్కగట్టింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు గానీ, ఆ తర్కం మన 9వ సెక్షన్‌కు దూరమేమీ కాదు. గది డబ్బు, ఆ రాత్రి అదనంగా పడ్డ ఖర్చు తిరిగి ఇచ్చేయమని ఆయనకు చెప్పాను. ఇచ్చారు, గొడవ తీరింది.

ఇంతకీ రానివ్వాలా, వద్దా? తోట, ప్రహరీ, విడి గుమ్మం ఉన్న ఇల్లయితే రానివ్వమనే అంటాను. ఇంటి మనిషిలా పెంచుకున్న జీవాన్ని వదిలి రాలేనివాళ్లు చాలామందే ఉన్నారు. ఒకే వరండా, వంటిల్లు అందరూ పంచుకునే చోట వద్దనడమే మంచిది, పక్క గదివాళ్లూ డబ్బు కట్టి వచ్చినవాళ్లే కదా. ఔనన్నా కాదన్నా తంటా లేదు. "వచ్చాక చూద్దాం లెండి" అన్నప్పుడే గొడవలన్నీ మొదలవుతాయి.

రానిచ్చే పక్షంలో ఎక్కువ తగాదా డిపాజిట్ దగ్గరే వస్తుంది. అయిదు వేలు డిపాజిట్ తీసుకుని, సోఫా మీద నాలుగు వెంట్రుకలు చూపించి మొత్తం ఉంచేసుకుంటామంటే కుదరదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే. ఆ హద్దులోపల సబబైన పరిహారమే దక్కుతుంది. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేటతెల్లం చేసింది: నష్టమే లేనిచోట 74వ సెక్షన్ కింద పరిహారం రాదు. కాబట్టి యజమాని అతిథి దిగేముందు ఒకసారి, ఖాళీ చేశాక ఒకసారి పరుపులు, తలుపులు, సోఫా ఫొటోలు తీసుకోవాలి. సోఫా గుడ్డ చిరిగితే కుట్టించిన బిల్లు చూపించి అంతవరకే మినహాయించుకోవాలి. శుభ్రం చేయించడానికి విడిగా ఐదు వందలో వెయ్యో తీసుకోవడం తప్పు కాదు, ముందే చెప్పి ఉంటే. అతిథులూ గది తాళం అందగానే ఒక చిన్న వీడియో తీసుకోండి. పాత గీతలన్నీ మీ కుక్క గోళ్ల ఖాతాలో పడకుండా ఉంటాయి.

ఇక కాటు సంగతి. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా చూడాల్సింది దాన్ని తన అధీనంలో ఉంచుకున్న మనిషే. ఆ జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అందుకే రేబిస్ టీకా కార్డు ఫొటో ముందే పంపమని యజమాని నిస్సంకోచంగా అడగాలి. పక్క గదివాళ్లకు కుక్క వస్తోందని చెప్పి తీరాలి. కుక్కను ఒప్పుకుని, వచ్చాక పొట్టి గొలుసుతో పొద్దస్తమానం కట్టేయమనడం మాత్రం కుదరదు. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ అలా కట్టేయడాన్ని నేరం అంటుంది. మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే. ఇంత తక్కువ ఉండటం నాకు బాధగానే ఉంటుంది, అయినా కేసు కేసే.

చూపులేని అతిథికి దారి చూపే కుక్కను పెంపుడు జంతువుల లెక్కలో వేయకండి. వైకల్యాన్ని బట్టి వివక్ష చూపకూడదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. అమెరికాలో ఇల్లు అద్దెకిచ్చే మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అక్కడి దివ్యాంగుల చట్టం ప్రకారం సర్వీస్ డాగ్ పెట్ కాదు, పెట్ ఫీజు వసూలు చేయకూడదు. వైకల్యం కోసమే ఈ కుక్క అవసరమా, ఇది ఏ పని చేసేలా శిక్షణ పొందింది అనే రెండు ప్రశ్నలకు మించి అడగరాదు. తామే ఉంటూ అయిదు గదుల లోపు ఇచ్చే ఇళ్లకు ఆ చట్టంలో మినహాయింపు ఉన్నా, ఎయిర్‌బిఎన్‌బి సొంత నిబంధనలు విడిగా వర్తిస్తాయి.

అపార్టుమెంటులో ఫ్లాటు ఇచ్చేవాళ్లకు ఒక్క మాట. సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. అవి అక్కడ కాపురముండేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. రెండు రోజుల అతిథి తరఫున వాటిని పట్టుకుని వాదించే కన్నా, సంఘానికి ముందే చెప్పుకోవడం మేలు.

డబ్బు తిరిగి రాకపోతే అతిథి ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అరకులో మోసపోయినా, మీరుండే ఊరి పరిధిలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే రుసుము లేదు. గడువు రెండేళ్లు. డిపాజిట్ షరతే అన్యాయమని సవాలు చేయాలనుకుంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అంతవరకూ ఆ వాట్సాప్ సంభాషణ చెరపకండి, ఫోన్ మార్చినా పాతది ఉంచుకోండి. దాన్ని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది.